సైకిల్ జట్ల ఒప్పందాలు చదవడం నేర్చుకుందాం – 5వ పాఠం: ఎప్పటిదాకా?

ముందు పోయిన పాఠం లెక్క తేల్చేద్దాం. 2021లో వరల్డ్ టీమ్ స్థాయి, అంటే అన్నిటికంటే పై స్థాయి జట్టులో మగ రైడర్‌కి ఏడాదికి కనీస జీతం 40,045 యూరోలు. అదే రైడర్ ఉద్యోగిగా కాకుండా సొంతంగా బిల్లు పెట్టుకునే పద్ధతిలో చేరితే కనీసం 65,673 యూరోలు. సైకిలూ అదే, తొక్కే రోడ్డూ అదే, ఇంత తేడా ఎందుకని అడిగాను. ఉద్యోగి అయితే పెన్షన్, బీమా కింద యజమాని కట్టాల్సిన వాటా జట్టు కడుతుంది. రెండో పద్ధతిలో అదంతా రైడర్ నెత్తినే పడుతుంది. అందుకే 1.64 రెట్లు. మన దగ్గర పీఎఫ్ ఉన్న ఉద్యోగమూ లేని ఉద్యోగమూ రెండూ చేసినవాళ్లకి ఇది వెంటనే తెలిసిపోతుంది. కాకపోతే మన దగ్గర పీఎఫ్ లేనివాడికే జీతం కూడా తక్కువ.

ఇక ఈ వారం పాఠం. ఇదంతా ఒకే ఒక్క ప్రశ్న గురించి: ఆ ఒప్పందం ఎప్పటిదాకా ఉంది?

మా పర్లాకిమిడిలో మా బావకి సైకిల్ షాపు ఉంది. సాయంత్రం పూట నేను అక్కడే కూర్చుంటాను. షాపులో పనిచేసే కుర్రాడు రోజూ తెల్లారగట్ల ఒడిశా-ఆంధ్ర సరిహద్దు దాటి పాతపట్నం మీదుగా ఓ ముప్పై కిలోమీటర్లు తొక్కి వచ్చి, ఆ తర్వాతే షట్టర్ ఎత్తుతాడు. 2025 ఆగస్టులో ఒక రోజు వెనక చక్రం వంకర తీస్తూ, స్పోక్ తాళం తిప్పడం ఆపకుండానే అడిగాడు: "మాస్టారూ, ఎవెనెపూల్ని రెడ్ బుల్ వాళ్లు ఎంతకి కొన్నారంటారు?"

ఎవెనెపూల్ బెల్జియం రైడర్, రెడ్ బుల్ అంటే అతను చేరబోతున్న సైకిల్ జట్టు. కుర్రాడు 'కొన్నారు' అన్నాడు చూశారా, ఆ మాట దగ్గరే మనవాళ్లందరూ తప్పటడుగు వేస్తారు. ఐపీఎల్ చూసి పెరిగినవాళ్లం కదా, ఆటగాడంటే వేలం, వేలం అంటే సుత్తి దెబ్బ. ఫుట్‌బాల్ చూసేవాళ్లకి ఒక క్లబ్బు ఇంకో క్లబ్బుకి కోట్లు కట్టడం మామూలు విషయం. సైక్లింగ్‌లో మాత్రం చాలామంది రైడర్లు జట్టు మారేటప్పుడు పాత జట్టుకి ఒక్క యూరో కూడా రాదు. ఒప్పందం గడువు తీరిపోతుంది, రైడర్ బ్యాగు సర్దుకుని పోతాడు, అంతే.

దీనికి కారణం డబ్బు వచ్చే దారిలో ఉంది. సైకిల్ జట్టుకి స్టేడియం లేదు, టికెట్లు లేవు. జనం రోడ్డు పక్కన నిలబడి ఉచితంగా చూస్తారు. జట్టు బతికేది స్పాన్సర్ ఇచ్చే సొమ్ము మీద. ఆ స్పాన్సర్ రెండేళ్లకో మూడేళ్లకో సంతకం పెడతాడు. తర్వాత ఉంటాడో లేదో మేనేజర్‌కే తెలియదు. తన గడువే తెలియనివాడు రైడర్‌కి పదేళ్ల గడువు ఎక్కడినుంచి ఇస్తాడు? అందుకే ఒప్పందాలు ఎక్కువగా ఒకటి, రెండు, మూడేళ్లవే ఉంటాయి. జట్టు చేతిలో ఉన్న సరుకు రైడర్ కాదు, రైడర్ మీద మిగిలి ఉన్న కాలం.

ఆ కాలానికి ఒక క్యాలెండర్ ఉంది. రైడర్ల ఒప్పందాలు మామూలుగా డిసెంబరు 31తో ముగుస్తాయి, కొత్తవి జనవరి 1న మొదలవుతాయి. ఎవరు ఏ జట్టుకి పోతున్నారో బహిరంగంగా చెప్పడానికి తలుపు తెరుచుకునేది ఆగస్టు 1న. టూర్ ద ఫ్రాన్స్ జూలైలో అయిపోతుంది కాబట్టి, రేసు మధ్యలో జట్టు మొత్తం ఎవడు ఎటు పోతాడన్న టెన్షన్‌తో తొక్కకుండా ఉండడానికి ఆ తేదీ పనికొస్తుంది. మాటలు మాత్రం అంతకు నెలల ముందే నడుస్తాయి. మా తాత చెప్పేవాడు: రైతు ఇంట్లో కంబారిని ఏడాది లెక్కన కుదుర్చుకునేవారట, ఏడాది నిండకుండా ఇంకో రైతు వాణ్ని పిలవకూడదని కట్టుబాటట. "పిలవకూడదు గానీ సంత దారిలో ఎదురుపడితే పలకరించకూడదని ఎవరూ అనలేదు" అని నవ్వేవాడు. మే, జూన్ నెలల్లో ఏజెంట్లు చేసేది కూడా ఆ సంత దారి పలకరింపే.

ఇప్పుడు పని మొదలుపెడదాం. కాగితం తీసుకోండి. షాపులో మేం పాత క్యాలెండర్ షీటు వెనక్కి తిప్పి రాసుకున్నాం. బదిలీ వార్త ఏది కనబడినా జీతం అంకె జోలికి ముందు పోవద్దు. పాత ఒప్పందం ఏ ఏడాది ముగింపు దాకా ఉందో రాయండి. దాని పక్కన కొత్త జట్టులో ఏ ఏడాది మొదలవుతున్నాడో రాయండి. రెంటి మధ్య ఎన్నేళ్లు మిగిలాయో లెక్కేయండి.

క్రిస్ ఫ్రూమ్: ఇనియోస్‌తో ఒప్పందం 2020 ముగింపు దాకా, ఇజ్రాయెల్ జట్టులో 2021 నుంచి. మిగులు సున్నా. వార్త ఎంత పెద్దదైనా ఒప్పందం లెక్కన ఇందులో విశేషం లేదు. గడువు తీరింది, వెళ్లాడు.

ప్రిమోజ్ రోగ్లిచ్: యుంబో-విస్మాతో 2025 ముగింపు దాకా ఉంది, బోరా-హాన్స్‌గ్రోహె జట్టులో 2024లోనే చేరాడు. మిగులు రెండేళ్లు.

రెమ్కో ఎవెనెపూల్: సూడాల్ క్విక్-స్టెప్‌తో 2026 ముగింపు దాకా ఉంది. 2026 మొదలు నుంచే రెడ్ బుల్-బోరా-హాన్స్‌గ్రోహెకి తొక్కుతాడని 2025 ఆగస్టు 5న ప్రకటించారు. మిగులు ఒక ఏడాది.

కుర్రాడు తాళం కింద పెట్టి చూశాడు. "అయితే ఆ ఏడాది పాత జట్టోళ్లు ఊరికినే వదిలీసారా?"

సరైన ప్రశ్న. మిగులు సున్నా కాకపోతే రైడర్, పాత జట్టు, కొత్త జట్టు ముగ్గురూ ఒప్పుకోవాలి. ఆ పైన అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ అనుమతి కావాలి. పాత జట్టు ఒప్పుకోవాలంటే దానికి ఏదో ముట్టాలి. అది ఎంతన్నది చాలాసార్లు కాగితం మీదికి రాదు. "పరస్పర అంగీకారంతో" అన్న రెండు ముక్కల కింద దాక్కుంటుంది. డబ్బు ఒక్కటే కాదు, పెద్ద జీతం తమ ఖాతాలోంచి తప్పడం కూడా పాత జట్టుకి లాభమే. మనసు వెళ్లిపోయిన నాయకుణ్ని పట్టుకుని ఏడాదంతా లాగడం కంటే వదిలేయడమే మేలని కూడా అనుకోవచ్చు.

ఈ మిగులు కాలం రుచి నాకు బాగా తెలుసు. ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా చేరినప్పుడు నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఆఫీసులో పెట్టుకున్నారు. ఏడాది మధ్యలో వేరే చోట మంచి అవకాశం వస్తే, రెండు నెలల జీతం కడితేగానీ సర్టిఫికెట్లు ఇవ్వమన్నారు. కట్టాను. కౌంటర్ దగ్గర గుమస్తా ఒక్కో కాగితాన్నీ వెలుతురుకి ఎత్తి చూసి, నా పదో తరగతి మార్కుల లిస్టు మీద స్టాపులర్ పిన్ను గోటితో పీకి ఇచ్చాడు. ఆ రెండు చిల్లులు ఇప్పటికీ ఉన్నాయి. ఎవెనెపూల్‌కీ నాకూ ఉన్న ఒకే ఒక్క పోలిక ఇదే. తేడా ఏమిటంటే, పెద్ద రైడర్ విషయంలో ఆ డబ్బు మామూలుగా కొత్త జట్టు భరిస్తుంది. నేను మా ఆవిడ గొలుసు కుదువ పెట్టాను.

ముగ్గురూ ఒప్పుకోకపోతే? 2023 డిసెంబరులో ఏం జరిగిందో చూడండి. సియాన్ ఔట్‌డెబ్రూక్స్, బెల్జియం కుర్రాడు, ఇరవై ఏళ్లవాడు, ఆ ఏడాదే స్పెయిన్‌లో జరిగే మూడు వారాల రేసు వుయెల్టాలో ఎనిమిదో స్థానంలో నిలిచాడు. యుంబో-విస్మా జట్టు అతను మా వాడయ్యాడని ప్రకటించింది. కాసేపటికే బోరా జట్టు ఇంకో ప్రకటన చేసింది: ఇతని ఒప్పందం మాతో 2024 ముగింపు దాకా ఉంది. రైడర్ పక్షం వాళ్లేమో ఆ ఒప్పందాన్ని తాము ఇప్పటికే రద్దు చేసుకున్నామన్నారు. ఒక రైడర్, రెండు జట్లు, రెండు నిజాలు. చివరికి అందరూ కూర్చుని తేల్చుకున్నారు, కుర్రాడు విస్మాకే వెళ్లాడు. ఇక్కడ నేర్చుకోవాల్సింది ఒక్క పదం: 'రద్దు చేసుకున్నాడు'. గడువు తీరడం వేరు, పరస్పరం వదులుకోవడం వేరు, ఒక పక్షం రద్దు చేయడం వేరు. మూడోది కనబడితే వెనక లాయరు ఉన్నాడని రాసుకోండి.

వౌట్ వాన్ ఆర్ట్ కథలో లాయర్ల పని ఇంకా పొడుగు. 2018 సెప్టెంబరులో అతను తన జట్టుతో ఒప్పందాన్ని తనే తెంచుకున్నాడు. గడువు 2019 ముగింపు దాకా ఉంది. 2019 మార్చిలో యుంబో-విస్మాలో చేరాడు. పాత జట్టు కోర్టుకెక్కింది. అతను టూర్‌లో స్టేజీలు (ఒక్కో రోజు రేసు ఒక స్టేజీ) గెలుస్తున్న రోజుల్లో కూడా బెల్జియంలో ఆ వ్యాజ్యం సాగుతూనే ఉంది.

దీనికి అటు చివర స్లొవేనియా రైడర్ పొగాచర్ ఉన్నాడు. 2024 అక్టోబరులో యూఏఈ జట్టు అతని ఒప్పందాన్ని 2030 దాకా పొడిగించింది. క్యాలెండర్ షీటు మీద ముగింపు ఏడాది అంత దూరాన ఉందంటే ఎవరైనా విడిపించుకోవాలనుకున్నా లెక్క భయపెడుతుంది. పొడిగింపు వార్తని మనవాళ్లు పట్టించుకోరు గానీ, నా దృష్టిలో అది బదిలీ వార్త కంటే ఎక్కువ చెబుతుంది.

మధ్యలో ఒక ముచ్చట. 1936 ఏప్రిల్ 1న కొత్తగా ఏర్పడిన ఒడిశా రాష్ట్రంలోకి మద్రాసు రాష్ట్రం నుంచి మా ఊరు బదిలీ అయింది. ఆ ఒప్పందానికి గడువు లేదు. మా తాతల సంతకం అడిగినట్టు కూడా లేరు. సరే, పాఠంలోకి వద్దాం.

ఇంతదాకా చెప్పింది విని, ముగింపు ఏడాది దూరంగా ఉంటే రైడర్ క్షేమం అనుకుంటే మళ్లీ తప్పు. 2022లో ఫ్రాన్స్ జట్టు బీ అండ్ బీ హోటల్స్-కేటీఎం వచ్చే ఏడాదికి పెద్ద కలలు కన్నది. మేనేజర్ జెరోమ్ పినో కొత్త స్పాన్సర్ కోసం తిరిగాడు. మార్క్ కావెండిష్ ఆ జట్టుకే వస్తాడని అందరూ అనుకున్నారు. డిసెంబరు మొదట్లో తేలింది, డబ్బు రాలేదు. వేరే జట్టు చూసుకోమని రైడర్లకి చెప్పేశారు. 2023 దాకా, 2024 దాకా అని రాసి ఉన్న కాగితాలు చేతిలో ఉండగానే మిగతా జట్లలో ఖాళీలు నిండిపోయాయి. డిసెంబరులో ఉద్యోగం పోయిన సైకిల్ రైడర్ అంటే, నాట్లు అయిపోయాక కూలికి తిరిగేవాడి పరిస్థితే.

కావెండిష్‌కి అప్పటికి టూర్‌లో 34 స్టేజీ విజయాలు, పాతకాలపు బెల్జియం దిగ్గజం ఎడీ మెర్క్స్‌తో సమానం. వయసు 37. 2023 జనవరిలో అస్తానా తీసుకుంది. ఆ ఏడాది టూర్‌లో పడి కాలర్ ఎముక విరగ్గొట్టుకున్నాడు, 2024 జూలై 3న 35వది గెలిచాడు. అంత పేరున్నవాడు కాబట్టి ఆలస్యంగానైనా తలుపు తెరిచారు. అదే జట్టులో నీళ్ల సీసాలు మోసే రైడర్‌కి ఎవరు తెరుస్తారు?

ఇలాంటి దెబ్బకి కాపుగా జట్లు యూసీఐ పేరిట బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. జీతాలు ఆగితే రైడర్లు దాన్నుంచి అడగొచ్చు. కానీ గ్యారంటీ అన్నది యూసీఐ దగ్గర జట్టు రిజిస్ట్రేషన్‌తో పాటు నడిచే వ్యవహారం. వచ్చే సీజనుకి రిజిస్ట్రేషనే కాని జట్టు విషయంలో అది ఎంతని ఆదుకుంటుంది? అందుకని కాగితం మీద ఇంకో గడి గీయండి: స్పాన్సర్ ఎప్పటిదాకా? రైడర్ గడువు 2027, స్పాన్సర్ గడువు 2026 అయితే, ఆ రైడర్‌కి నిజంగా ఉన్నది 2026 దాకానే అనుకోండి.

కొత్తవాళ్ల సంగతి రెండు ముక్కల్లో. మొదటిసారి ప్రొఫెషనల్ అయ్యే కుర్రాడికి కనీసం రెండేళ్ల ఒప్పందం ఇవ్వాలని నిబంధన. మొదటి ఏడాది పడుతూ లేస్తూ ఉన్నా రెండో ఏడాది దొరుకుతుంది. ఆగస్టు 1 నుంచి సీజన్ చివరిదాకా 'స్టాజియేర్' పేరుతో పెద్ద జట్టులో తొక్కి చూసే అవకాశం కూడా ఉంది. అది ఒప్పందానికి హామీ కాదు, మన భాషలో ట్రయల్.

ఇంటిపని. బ్రాడ్లీ విగ్గిన్స్ 2009 టూర్‌లో మొదట ప్రకటించిన ఫలితాల్లో నాలుగోవాడు. అప్పుడతను గార్మిన్ జట్టులో ఉన్నాడు, ఒప్పందం 2010 ముగింపు దాకా. 2009 డిసెంబరులో, మరుసటి సీజన్ నుంచి కొత్తగా మొదలయ్యే బ్రిటన్ జట్టు స్కైకి తొక్కుతాడని ప్రకటన వచ్చింది. మిగులు ఎంత? ఎన్ని సంతకాలు కావాలి? గార్మిన్ స్థానంలో మీరుంటే ఏం అడుగుతారు, డబ్బా, ఇంకేదైనానా?

రెండోది ఊహించి చేసేది. 'క' అనే రైడర్‌కి ఏడాదికి 3 లక్షల యూరోల జీతం, గడువు ఇంకా రెండేళ్లు ఉంది. కొత్త జట్టు ఏడాదికి 5 లక్షలు ఇస్తానంటోంది, మూడేళ్లకి. పాత జట్టు విడిపించడానికి 4 లక్షలు అడుగుతోంది. మొత్తం కలిపి కొత్త జట్టుకి ఏడాదికి సగటున ఎంత పడుతుంది? 'క'ని వదిలేసిన పాత జట్టు పెట్టె దగ్గర ఆ రెండేళ్లలో ఎంత మిగులుతుంది? వచ్చే పాఠంలో పాయింట్లు, 2022 చివర్లో లోటో సూడాల్ జట్టు కింది స్థాయికి జారిపోవడం గురించి చెబుతాను. ఈ రెండో లెక్క అక్కడ మళ్లీ కావాలి.

మా కుర్రాడు మొదటిది అక్కడికక్కడే చేసేశాడు. రెండోదానికి షీటు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "గొలుసు విడిపించారా మాస్టారూ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా చక్రం తిప్పి చూసుకున్నాడు. ఇంకా కొంచెం ఎడమకి లాగుతోంది.