మొద్దుబారిన పాదాలు - 3వ పాఠం: వేళ్లు తాకి చూడడం

పాదాలు కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, అరికాలిని అద్దంలో చూసుకోవడం కిందటి పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి స్పర్శ ఎంత మిగిలిందో చూద్దాం. దీనికి ఇంట్లో ఇంకొకరి సాయం కావాలి.

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో పుష్యమాసపు చలికి మా అమ్మ కుంపటి దగ్గర కాళ్లు పెట్టుకుని కూర్చునేది. ఒక రాత్రి కమురు వాసన వస్తే దుప్పటి అంటుకుందేమోనని లేచాం. కాలింది అమ్మ బొటనవేలు. "నాకేటీ తెలీలేదే" అంది. అప్పటికి పదేళ్ల నుంచి షుగరు. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. తిమ్మిరో, మంటో ఉంటే ఎవరికైనా చెప్పుకుంటాం. ఏమీ తెలియని కాలి సంగతి ఎవరికీ చెప్పం. అందుకే ఈ పాఠం నిదానంగా చేయండి.

మనిషిని పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. ఏ కాలు తాకితే ఆ కాలి పేరు, కుడి అనో ఎడమ అనో చెప్పాలి. మన ఇళ్లలో సగం మంది ఒడియా మాట్లాడతారు కాబట్టి డాహాణ, బాఁ అన్నా సరే. మీ చూపుడువేలి కొసతో కాలివేలి కొసను ఈక ఆనించినట్టు ఒకటి రెండు సెకన్లు తాకి తీసేయండి. నొక్కకూడదు, తట్టకూడదు, గీరకూడదు. వరస ఇది: కుడి బొటనవేలు, కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, ఆపై కుడి నడిమి వేలు, ఎడమ నడిమి వేలు. పలకకపోతే మళ్లీ తాకి చూడొద్దు, తెలియలేదనే రాసుకోండి. ఈ ఆరింటిలో రెండు గానీ అంతకుమించి గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. డాక్టరుకు చూపించాలి. ఆ కాళ్లకు కుంపటి, ఇటుక కాపడం, జిల్లేడాకు కాపడం ఏదీ వద్దు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకునే తిరగాలి.

తిమ్మిరికి షుగరొక్కటే కారణం కాదు. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 విటమిన్ తగ్గి కూడా వస్తుంది. ఒంటిమీద పాలిపోయిన మచ్చ ఉండి అక్కడ స్పర్శ లేకపోతే సిగ్గుపడి దాచకండి. కుష్ఠుకు సర్కారు ఆస్పత్రిలో మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

రక్తప్రసరణ సంగతి వేరు. సంతకు నడిచేటప్పుడు పిక్క పట్టేసి, కాసేపు నిలబడితే తగ్గిపోతుంటే రక్తనాళం సన్నబడిందేమో అనుకోవాలి. బీడీ, చుట్ట తాగేవాళ్లలో ఇది ఎక్కువ. కాలు ఉన్నట్టుండి చల్లబడి, తెల్లబోయి, విపరీతంగా నొప్పెడితే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లండి.

పాదం మీద నాడి ఎక్కడ దొరుకుతుందో, పిక్క పట్టేసేవాళ్లు ఎలా నడవాలో వచ్చే పాఠంలో. ఈ ఆరు వేళ్ల లెక్క తారీఖు వేసి దాచుకోండి, అప్పుడు కావాలి.