చలికాలంలో బుద్ధగయ వెళ్తున్నారా? సిక్కోలు, విజయనగరం వాళ్ళకు కొన్ని జాగ్రత్తలు

వరి నూర్పులు అయిపోయి ధాన్యం డబ్బులు చేతికొచ్చాయంటే మన జిల్లాల్లో యాత్రల కబుర్లు మొదలవుతాయి. కాశీ, గయ ఎప్పుడూ ఉన్నవే. ఇప్పుడు వాటికి బుద్ధగయ, రాజగిరి, నలంద, కుశీనగర్, లుంబిని, సారనాథ్ కలిపి బౌద్ధ యాత్ర అని బస్సుల్లో తీసుకెళ్తున్నారు. శాలిహుండం, రామతీర్థం లాంటి పాత బౌద్ధ క్షేత్రాలు కళ్ళ ముందే ఉన్నవాళ్ళం కదా, బుద్ధుడు తిరిగిన నేల కూడా చూడాలనిపించడం సహజమే. అయితే టూర్ వాళ్ళు పంచే కరపత్రంలో గుళ్ళ పేర్లు, టిఫిన్‌లో ఏం పెడతారన్నది ఉంటాయి గానీ పొగమంచు గురించి ఒక్క ముక్క ఉండదు. డిసెంబర్ చివరి నుంచి జనవరి నెలాఖరు దాకా ఈ దారిలో అసలు ప్రమాదం అదే.

"లంబసింగి చలి చూశాం, ఇదెంత" అనేవాళ్ళు ప్రతి బస్సులోనూ ఇద్దరైనా ఉంటారు. లంబసింగిలో పొద్దెక్కితే ఎండ వస్తుంది, స్వెటర్ విప్పేస్తాం. గంగా మైదానంలో అలా కాదు. తడి నేల రాత్రి చల్లబడుతుంది, గాలి కదలదు, మంచు నేలమీదే కూర్చుండిపోతుంది. కొన్నిసార్లు వరసగా రెండు మూడు రోజులు సూర్యుడే కనపడడు. గయలో రాత్రి ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలకు పడిపోవడం మామూలే. మధ్యాహ్నం కూడా వెచ్చబడకపోవడమే మన ఒంటికి కష్టం.

అందుకే తేదీ మీ చేతిలో ఉంటే రథసప్తమి అయ్యాకే బయల్దేరండి. ఎలాగూ అరసవిల్లిలో స్వామి దర్శనం చేసుకోకుండా సిక్కోలు వాళ్ళు ఊరు కదలరు. ఆ పండుగ జనవరి చివర్లోనే వచ్చిన ఏడాది ఇంకో పది రోజులు ఆగితే మంచిది. ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి మొదటి వారాల దాకా ఈ యాత్రకు మంచి కాలం. ఏప్రిల్ దాటితే మళ్ళీ వడగాలులు, గయలో మే నెల ఎండ మన రెంటచింతల ఎండకు తీసిపోదు. సంక్రాంతి సెలవులని పిల్లలు టికెట్లు తీసేశారా, అయితే కింద రాసినవి కాస్త శ్రద్ధగా చదవండి.

రోడ్డు మీద

వాతావరణ శాఖ లెక్కలో 50 మీటర్లకు మించి కనపడకపోతే అది చాలా దట్టమైన పొగమంచు. ఆ మంచులో ముందు ఆగి ఉన్న లారీ డ్రైవర్ కంటపడేసరికే ఆలస్యమైపోతుంది. కాబట్టి టూర్ మాట్లాడుకునేటప్పుడే ఒక షరతు పెట్టండి: రాత్రి పది తర్వాత, ఉదయం తొమ్మిదికి ముందు బస్సు రోడ్డెక్కకూడదు. "రాత్రి ప్రయాణం చేస్తే ఒక లాడ్జి ఖర్చు మిగులుతుంది, ఒక రోజు కలిసొస్తుంది" అని వాళ్ళు చెప్తారు. ఆ మిగులు వాళ్ళకి, ముప్పు మీకు. బుద్ధగయ నుంచి కాశీకి సుమారు 250 కిలోమీటర్లు. మామూలు రోజున ఐదారు గంటల్లో అయ్యే దారి, మంచులో పది గంటలైనా పట్టొచ్చు. దానికి తగ్గట్టు రోజులు వదులుగా పెట్టుకోవాలి. రోజులు చాలవనుకుంటే, నన్నడిగితే శ్రావస్తి, వైశాలి వదిలేయమంటాను. గొప్ప స్థలాలే, కాదనను. కానీ లుంబిని నుంచి శ్రావస్తికి రెండు వందల కిలోమీటర్లకు పైనే, దానికోసం రెండు రాత్రులు బస్సులో కూర్చోబెట్టడం అరవై దాటినవాళ్ళకు న్యాయం కాదు.

దారిలో బస్సు పాడైతే చాలామంది లోపలే కూర్చుంటారు, చలి కదా అని. మంచులో అది చాలా ప్రమాదం, వెనకనుంచి వచ్చే బండికి ఆగిన బస్సు కనపడదు. దుప్పటి కప్పుకుని అందరూ దిగి, రోడ్డు పక్కన ఉన్న ఇనప కడ్డీ అవతలికి వెళ్ళి నిలబడాలి. బస్సు వెనక, బస్సు ముందు నిలబడవద్దు. డ్రైవర్ హై బీమ్ వేస్తుంటే తగ్గించమనండి. ఆ వెలుగు మంచు మీద పడి తిరిగి కళ్ళలోకే కొడుతుంది. ఇద్దరు డ్రైవర్లు ఉన్నారో లేదో బయల్దేరే రోజు కాదు, అడ్వాన్స్ ఇచ్చే రోజే చూసుకోండి.

రైలులో వెళ్ళేవాళ్ళకు ఆమదాలవలసలో ఎక్కి హౌరాలో మారడం అలవాటైన దారి. హౌరా దాకా పెద్దగా ఇబ్బంది ఉండదు. ఆ తర్వాత గయ వైపు వెళ్ళేవి ఆరేడు గంటలు లేటవడం జనవరిలో వింతేం కాదు. రెండు రైళ్ళ మధ్య కనీసం ఎనిమిది గంటలు ఉంచుకోండి. హౌరాలో పాత, కొత్త అని రెండు కాంప్లెక్సులున్నాయి, సామానుతో ఒకదాన్నుంచి ఇంకోదానికి నడక చాలానే ఉంటుంది. మీరెక్కే స్టేషన్‌కు రైలు మూడు గంటలకు మించి లేటుగా వస్తుంటే, ప్రయాణం మానుకుని రైలు కదలకముందే టీడీఆర్ (డబ్బు వాపసు కోసం రైల్వేకు పెట్టే అర్జీ) వేస్తే టికెట్ డబ్బు పూర్తిగా వెనక్కి వస్తుంది. స్టేషన్‌లో చలికి వణుకుతూ తెల్లార్లూ కూర్చోవడం కన్నా ఇది తెలిసి ఉండటం మేలు.

ఒంటి సంగతి

ఉద్దానం నుంచి వెళ్ళేవాళ్ళకు ముందుగా చెప్పాలి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంతమందిని తిన్నదో నేను చెప్పక్కర్లేదు. ఆ జబ్బు లోపల ఉన్నా చాలాకాలం బయటపడదు. కాబట్టి ఏ బాధా లేకపోయినా బయల్దేరే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. బస్సుల్లో ఒక అలవాటు ఉంది. సాయంత్రానికి కాళ్ళు పీకుతున్నాయని ఎవరో ఒకావిడ సంచిలోంచి ఒళ్ళునొప్పుల బిళ్ళలు తీసి ప్రసాదంలా అందరికీ పంచుతుంది. వాటిలో ఎక్కువగా డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివే ఉంటాయి. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ళు నీళ్ళు తక్కువ తాగి, రోజుకొకటి చొప్పున వారం వేసుకుంటే ఉన్న కాస్త ఓపికా పోతుంది. నొప్పికి ఏది వేసుకోవచ్చో మీ డాక్టర్ చేతే రాయించుకుని, అదే పట్టుకెళ్ళండి. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు అక్కడి ఆసుపత్రిలో ముందే రోజు, టైమ్ ఖాయం చేసుకోకుండా కదలకూడదు.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఆడవాళ్ళ ఇబ్బంది కూడా చెప్పాలి. దారిలో బాత్రూమ్‌లు సరిగ్గా ఉండవని పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు తాగరు. చలిలో దాహం వేయదు కూడా. సాయంత్రానికి తలనొప్పి, మూత్రంలో మంట. రెండు గంటలకొకసారి పెట్రోల్ బంకు దగ్గర ఆపాలని టూర్ మేనేజర్‌కు మొదటి రోజే గట్టిగా చెప్పండి. ఒక్కరు అడిగితే విసుక్కుంటాడు, పదిమంది అడిగితే ఆపుతాడు.

చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు కాశీలో తెల్లవారుజామున గంగలో మునగొద్దు. పది దాటాక ఎండ పొడ వచ్చాక చేసినా గంగాస్నానమే. రాజగిరిలో దీనికి తలకిందులు. అక్కడ బ్రహ్మకుండంలో నీళ్ళు సహజంగానే వేడిగా, 45 డిగ్రీల దాకా ఉంటాయి. ఆ వేడిలో చాలాసేపు ఉండి ఒక్కసారిగా చలిగాలిలోకి వస్తే కళ్ళు తిరుగుతాయి. రెండు చెంబులు పోసుకుని వెంటనే తుడుచుకుంటే చాలు. బిళ్ళలన్నీ పెద్ద సూట్‌కేసులో పెట్టకండి, అది బస్సు డిక్కీలో ఉంటుంది. మూడు రోజుల మందులు, డాక్టర్ చీటీ భుజం సంచిలో ఉండాలి.

ఇంకొకటి, ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. ధర్మశాలల్లో చలికి తట్టుకోలేక బొగ్గుల కుంపటి గదిలోకి తెచ్చుకుంటారు. అక్కడివాళ్ళు దాన్ని బోర్సీ అంటారు, అడగ్గానే ఇస్తారు కూడా. తలుపులూ కిటికీలూ మూసి పడుకుంటే ఆ బొగ్గులనుంచి కార్బన్ మోనాక్సైడ్ గది నిండా చేరుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు. కుంపటి బయట వరండాలో కాచుకోవడానికే. గదిలో మాత్రం ఇంకో దుప్పటి అడగండి.

బట్టల విషయంలో ఒక లావుపాటి స్వెటర్ కంటే లోపల థర్మల్, పైన స్వెటర్, ఆపైన గాలి ఆపే జాకెట్ నయం. మంకీ క్యాప్ చూసి మనవలు నవ్వినా ఫర్వాలేదు. మర్చిపోయేది సాక్సులు. మహాబోధి ఆలయంలో చెప్పులు బయట వదిలి రాతినేల మీద నడవాలి. జనవరిలో ఆ రాయి మీద ఉత్తకాళ్ళతో పావుగంట నిలబడితే తిమ్మిరెక్కుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకు పాదం మీద స్పర్శ తక్కువ, దెబ్బ తగిలినా తెలియదు. లావు ఉన్ని సాక్సులు మూడు జతలైనా పట్టుకెళ్ళండి.

తిండికి పెద్ద బెంగ అక్కర్లేదు గానీ ఆవనూనె వాసన మనవాళ్ళకు పడదు. అటుకులు, చోడిపిండి, కందిపొడి వెంట ఉంటే ఒక పూట గడిచిపోతుంది.

బయల్దేరే ముందు నెల రోజులు నడక అలవాటు చేసుకోండి. ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ శాలిహుండం వెళ్ళి కొండెక్కి చూడండి. గిడుగు రామమూర్తిగారు 1919లో వెలుగులోకి తెచ్చిన చోటు అది. పైనుంచి వంశధార చూస్తూ ఆయాసం ఎంత వస్తోందో గమనించండి. విజయనగరం వాళ్ళకు రామతీర్థం దగ్గర గురుభక్తుల కొండ ఉంది. అక్కడ మధ్యలో రెండుసార్లు కూలబడినవాళ్ళు రాజగిరిలో బుద్ధుడు బోధించిన గృధ్రకూటం కొండ నడిచి ఎక్కే ఆలోచన మానుకోవచ్చు. రాజగిరి రోప్‌వేలో పాత కుర్చీలు ఒక్కొక్కరివి, అవి ఆగవు, కదులుతుండగానే కూర్చోవాలి, దిగాలి. మోకాళ్ళు సరిగా లేనివాళ్ళు కొత్తగా వచ్చిన క్యాబిన్‌కే టికెట్ తీసుకోండి. గృధ్రకూటానికి చీకటిపడే వేళ ఒంటరిగా వెళ్ళొద్దు.

తప్పిపోవడం, కాగితాలు, డబ్బు

2013 జూలైలో బాంబు పేలుళ్ళు జరిగినప్పటినుంచి మహాబోధి ఆలయం దగ్గర భద్రత గట్టిది. సెల్‌ఫోన్లు లోపలికి తీసుకెళ్ళనివ్వరు, బయట కౌంటర్‌లో పెట్టాలి. డిసెంబర్, జనవరిల్లో టిబెట్, థాయ్‌లాండ్, శ్రీలంక నుంచి వచ్చే భక్తులతో అక్కడ ఇసకేస్తే రాలనంత జనం. ఫోన్ లేకుండా, హిందీ రాకుండా ఆ జనంలో తప్పిపోతే పెద్దవాళ్ళకు ఎంత టెన్షనో ఊహించండి. బస చేసిన చోటి పేరు, మేనేజర్ నంబర్ హిందీలో రాసిన చీటీ ప్రతి ఒక్కరి జేబులో, జాకెట్టులో ఉండాలి. లోపలికి వెళ్ళేముందే "తప్పిపోతే ఫలానా గేటు దగ్గర" అని ఒక చోటు అనుకోండి. "మన బస్సువాళ్ళు ఎవరో ఒకరు కనపడతారులే" అనుకోవద్దు.

బోధివృక్షం ఆకులు కోయకూడదు. రాలినవి దొరికితే అదృష్టం. నలందలో ఇటుక ముక్క గుర్తుగా తెచ్చుకుందామనే సరదా కూడా వద్దు, అది రక్షిత కట్టడం, కేసవుతుంది. బిహార్‌లో 2016 ఏప్రిల్ నుంచి మద్యనిషేధం ఉంది. చలి కదా అని సంచిలో సీసా పెట్టుకున్న మామయ్యగారి వల్ల బస్సు మొత్తం పోలీస్ స్టేషన్ ముందు ఆగాల్సి వస్తుంది. సారనాథ్‌లో అసలు నాలుగు సింహాల శిల్పం మ్యూజియంలో ఉంది, శుక్రవారం అది మూసేస్తారు. ఆ రోజు పడకుండా చూసుకోండి.

లుంబిని నేపాల్‌లో ఉంది. గోరఖ్‌పూర్ నుంచి సోనౌలి సరిహద్దుకు సుమారు వంద కిలోమీటర్లు, అక్కడినుంచి లుంబిని ఇంకో పాతిక. వీసా అక్కర్లేదు గానీ ఓటరు కార్డు లేదా పాస్‌పోర్ట్ అసలుది ఉండాలి. ఆధార్ ఉందిగా అని ధీమాగా వెళ్ళకండి. మన సిమ్ రోమింగ్ ప్యాక్ వేయించకపోతే అక్కడ పనిచేయదు. నోట్ల నియమాలు అక్కడ మారుతుంటాయి, 2018లో మన పెద్ద నోట్లను ఆపేశారు కూడా. అందుకని 100 నోట్ల కట్ట ఒకటి విడిగా పెట్టుకోండి. మన 100కు వాళ్ళ 160 వస్తాయి, దానికంటే తక్కువ ఇస్తుంటే లెక్క అడగండి. వాళ్ళ గడియారం మనకన్నా పావుగంట ముందు నడుస్తుంది, బస్సు బయల్దేరే టైమ్ ఎవరి గడియారం ప్రకారమో అడిగి తెలుసుకోండి.

ఆఖరున, టూర్ వాళ్ళకు డబ్బు కట్టేటప్పుడు మూడు మాటలు రసీదు మీదే రాయించుకోండి. మంచువల్ల ఒక రోజు ఆగితే ఆ రాత్రి బస ఖర్చు ఎవరిది, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే తోడుగా ఎవరు ఆగుతారు, మధ్యలో ఇంటికి తిరిగి రావాల్సి వస్తే ఎంత వెనక్కి ఇస్తారు. "మన ఊరి మనిషే, నమ్మకం" అంటూ రాయడానికి వెనకాడితే ఇంకో టూర్ చూసుకోండి.