చైనీస్ భాషాశాస్త్రవేత్త పరిశోధన ప్రభావం: లెక్కకు ముందు పేరు తేల్చుకోండి

ఒక చైనీస్ భాషాశాస్త్రవేత్త రచనలను ఎందరు ఉటంకించారో, ఆయన ఎవరెవరితో కలిసి రాశాడో లెక్కించాలంటే ముందు పేరు తేలాలి. చెన్నైలో చదివే తెలుగువాళ్లకు ఈ పేర్ల తిప్పలు కొత్త కాదు. ఊళ్లో ఇంటిపేరు ముందు, కాలేజీ రికార్డులో తండ్రి పేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో మరో వరస. చైనీస్ పండితుల పేర్లతో చిక్కు ఇంతకంటే ఎక్కువ. వాళ్లూ ఇంటిపేరే ముందు రాస్తారు, ఇంగ్లిషు పత్రికలు దాన్ని తిరగేస్తాయి. చైనీస్‌ను ఇంగ్లిషు అక్షరాల్లో రాసే పద్ధతి పిన్‌యిన్. అందులో పలుకు ఎత్తుపల్లాల (టోన్) గుర్తులు వదిలేస్తే చైనా లిపిలో వేర్వేరుగా ఉండే పేర్లు చాలా ఒకటైపోతాయి. వ్యాకరణవేత్త వాంగ్ లీ (1900–1986) పేరు పిన్‌యిన్‌లో కొట్టి చూడండి, అదే పేరున్న ఇంజినీర్లూ డాక్టర్లూ బారులు తీరతారు. భాషాశాస్త్రవేత్త యుయెన్ రెన్ చావ్ (1892–1982) అయితే పాత స్పెల్లింగులో ఒకచోట, పిన్‌యిన్‌లో ఇంకోచోట దొరుకుతాడు.

కాబట్టి మొదటి పని ఎక్సెల్‌లో ఒక పేర్ల షీటు. సరళ లిపి, సంప్రదాయ లిపి, పిన్‌యిన్, పాత స్పెల్లింగు, పొడి అక్షరాల రూపం, ఏ సంస్థలో ఏ ఏళ్లు పనిచేశారు అన్నీ అందులో రాయాలి. పరిశోధకులకిచ్చే 16 అంకెల గుర్తింపు నంబరు ఆర్కిడ్ (ORCID) ఉంటే సగం పని తీరినట్టే. అయితే ఆ సేవ మొదలైంది 2012లో. పాత తరం వాళ్లకు దొరకదు.

తర్వాత వెతుకులాట. గూగుల్ స్కాలర్‌లో సైటేషన్లు (ఇతరులు ఉటంకించినవి) ఎక్కువ కనిపిస్తాయి, చెత్తా ఎక్కువే. పరిశోధన పత్రాల డేటాబేస్ స్కోపస్ శుభ్రంగా ఉంటుంది గానీ చైనీస్ పత్రికలు, పుస్తకాలు అందులో పలచన. పైగా దానికి లైబ్రరీ చందా కావాలి. లేకపోతే అలాంటిదే ఓపెన్‌అలెక్స్ ఉచితం. చైనీస్ పత్రికలకూ పీహెచ్‌డీ థీసిస్‌లకూ చైనా డేటాబేస్ సీఎన్‌కేఐ (CNKI)లోకి వెళ్లాల్సిందే. అక్కడ పేరు చైనా లిపిలోనే కొట్టండి. అన్నిచోట్లా ఒకే రోజు వెతికి, తేదీ రాసుకోండి. నాలుగు చోట్ల వచ్చిన సైటేషన్లను మాత్రం కూడకండి, ఒకే సైటేషన్ రెండు మూడుసార్లు పడుతుంది.

ఇక కొలత. హెచ్-ఇండెక్స్‌ను 2005లో భౌతికశాస్త్రవేత్త హిర్ష్ ప్రతిపాదించాడు. ఒక్కోదానికి కనీసం 5 సైటేషన్లున్న రచనలు 5 ఉంటే హెచ్ 5 అన్నమాట. రచనలను సైటేషన్ల వారీగా పైనుంచి కిందికి పేర్చండి: 40, 22, 9, 6, 5, 3. అయిదో రచనకు అయిదు ఉన్నాయి, ఆరోదానికి మూడే. హెచ్ 5. తన రచనలను తానే ఉటంకించినవి తీసేసి మళ్లీ లెక్కించి, రెండు అంకెలూ చూపండి. ఈ కొలత పుస్తకాలు రాసేవాళ్లకు అన్యాయం చేస్తుంది: ఒకే వ్యాకరణ గ్రంథాన్ని వెయ్యిమంది ఉటంకించినా హెచ్‌కు ఒక్కటే కలుస్తుంది. అందుకే అత్యధిక సైటేషన్లున్న మూడు రచనలను విడిగా రాయాలి.

ఎవరితో కలిసి రాశారో చూపే సహకారాల పటానికి వీఓఎస్‌వ్యూయర్ (VOSviewer) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. స్కోపస్ నుంచి సీఎస్‌వీ (పట్టిక) ఫైలు దించి, సహరచయితల విశ్లేషణ ఎంచుకోండి. ఒక్కరి పటమే కాబట్టి కనీస రచనల సంఖ్యను 1కి దించండి, లేకుంటే సగం మంది మాయమవుతారు. ఒకే మనిషి రెండు చుక్కలుగా కనిపిస్తే మీ పేర్ల షీటు నుంచి థిసారస్ ఫైలు (ఏ పేరు ఏ పేరుతో సమానమో చెప్పే జాబితా) తయారుచేసి ఇవ్వండి. ఒక పేపరు బరువును దాని రచయితలందరికీ పంచే భిన్న లెక్కింపు (ఫ్రాక్షనల్ కౌంటింగ్) ఎంచుకుంటే ఎక్కువమంది రచయితలున్న పేపరు పటాన్ని మింగేయదు.

దేశాల పేర్లు గుడ్డిగా లెక్కపెట్టకండి. బీజింగ్‌లోనూ హాంకాంగ్‌లోనూ పదవులున్న ఒక్క రచయితే రెండు ప్రాంతాల సహకారంగా తేలతాడు. పటం ఖాళీగా వస్తే కంగారొద్దు, ఈ రంగంలో ఒంటరి రచనలు మామూలే. అప్పుడు కృతజ్ఞతల పేజీలు, సంపాదకత్వం వహించిన సంపుటాలు, సీఎన్‌కేఐలో ఆ పండితుడు పర్యవేక్షించిన థీసిస్‌లు చూడండి.