క్యూఎంకే మెయింటెనెన్స్, 5వ పాఠం: పుల్ చేశాక బిల్డ్ ఎందుకు ఆగిపోయింది

క్యూఎంకే అంటే కీబోర్డు చిప్‌లో నడిచే ఫర్మ్‌వేర్, దాని కోడ్ గిట్ రిపోలో (కోడ్ నిల్వలో) ఉంటుంది. పోయినసారి "అప్‌స్ట్రీమ్ నుంచి పుల్ చేసి కంపైల్ కొట్టండి", అంటే అసలు రిపో నుంచి కొత్త కోడ్ తెచ్చుకుని ఫర్మ్‌వేర్ తయారుచేయండి అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశా, చాలామంది అక్కడే ఇరుక్కుపోయారు. అందుకే కాంబోల (కొన్ని కీలు కలిపి నొక్కి ఒక పని చేయించడం) పాఠం వాయిదా, ముందు ఇది తేల్చుకుందాం.

మీరు పంపిన ఎర్రర్లు వరసగా చూస్తే ఒకటి అర్థమైంది. ఏటీమెగా32యూ4 (ఏవీఆర్ రకం చిప్) బోర్డుల వాళ్ళకి ఏ గొడవా రాలేదు, ఆర్‌పీ2040, ఎస్‌టీఎం32 (ఆర్మ్ రకం చిప్‌లు) వాళ్ళకే వచ్చింది. కారణం, ఆ ఏవీఆర్ చిప్ బిల్డ్‌కి చిబిఓఎస్ (చిన్న చిప్‌ల కోసం రాసిన ఆపరేటింగ్ సిస్టమ్)తో పనే లేదు, యూఎస్‌బీ పని లూఫా అనే లైబ్రరీ చూసుకుంటుంది. ఈ ఆర్మ్ బోర్డులు మాత్రం చిబిఓఎస్ మీదే నడుస్తాయి. ఈ రెండూ లిబ్ ఫోల్డర్‌లో ఉండే సబ్‌మాడ్యూల్స్.

ఇక్కడే అసలు చిక్కు. సబ్‌మాడ్యూల్ అంటే వేరేవాళ్ళ రిపో, మన రిపోలో దాని కోడ్ ఉండదు, "ఫలానా కమిట్ (కోడ్ సేవ్ చేసిన ఒక దశ) వాడు" అని ఒక చీటీ మాత్రమే ఉంటుంది. గిట్ పుల్ చీటీని మారుస్తుంది, ఫోల్డర్ లోపలున్న కోడ్ పాతదే ఉంటుంది. కొత్త క్యూఎంకే, పాత చిబిఓఎస్, రెండూ పొసగవు. ఒక్కోసారి "ఆబ్సొలీట్ ఆర్ అన్‌నోన్ కాన్ఫిగరేషన్ ఫైల్" అని వస్తుంది, అది చూసి మీరు మీ కాన్ఫిగ్ ఫైల్లో లైన్లు పీకడం మొదలుపెడతారు, దయచేసి దాన్ని ముట్టుకోకండి, తప్పు అక్కడ లేదు. పుల్ అవగానే మేక్ గిట్-సబ్‌మాడ్యూల్ కొట్టండి, తర్వాత క్యూఎంకే క్లీన్, ఆ తర్వాతే కంపైల్.

దీనికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటుంది. అప్‌డేట్ చేయకుండా గిట్ స్టేటస్ చూస్తే చిబిఓఎస్ మాడిఫైడ్ అని ఉంటుంది. "నేనేం మార్చలేదే" అనుకుంటూనే గిట్ యాడ్ డాట్ (మారినవన్నీ ఒకేసారి చేర్చే కమాండ్) కొట్టి కమిట్ చేసేస్తారు. అంతే, కొత్త చీటీ చింపి పాత చీటీ అతికించినట్టే, ఇక ఎన్నిసార్లు సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ చేసినా అది బుద్ధిగా పాత కోడ్‌నే తెచ్చిపెడుతుంది, పైగా ఆ బ్రాంచ్ నుంచి పుల్ రిక్వెస్ట్ (మీ మార్పుల్ని అసలు రిపోలో కలపమనే విన్నపం) పెడితే రివ్యూ చేసేవాళ్ళకి మీ కీమ్యాప్‌తో (ఏ కీ ఏం చేయాలో రాసిన ఫైల్‌తో) పాటు చిబిఓఎస్ వెనక్కి వెళ్ళడం కూడా కనిపిస్తుంది. ఇప్పటికే అలా చేసి ఉంటే అప్‌స్ట్రీమ్ మాస్టర్ నుంచి లిబ్ ఫోల్డర్ ఒక్కదాన్నే చెకౌట్ చేసి, కమిట్ చేసి, అప్పుడు సబ్‌మాడ్యూల్స్ అప్‌డేట్ చేయండి. నేనైతే యాడ్ డాట్ వాడనే వాడను, ఫైల్ పేరు రాసే యాడ్ చేస్తా. సబ్‌మాడ్యూల్ రికర్స్ అనే గిట్ సెట్టింగ్ ఆన్ చేస్తే పుల్‌తో పాటే అవి కూడా అప్‌డేట్ అవుతాయి, కానీ ఏది ఎప్పుడు మారిందో నా కళ్ళతో చూసుకోవాలి, అందుకే నేను పెట్టుకోలేదు.

రీసెట్ అన్‌డిక్లేర్డ్ అని ఎర్రర్ వచ్చినవాళ్ళది వేరే సంగతి, రీసెట్ అనే కీకోడ్ పేరు 2022లో క్యూకే బూట్‌గా మారింది, కీమ్యాప్‌లో అది మార్చుకుంటే సరి. ఇలాంటి పెద్ద మార్పులు ఏడాదికి నాలుగుసార్లు, ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్ నెలల్లో డెవలప్ బ్రాంచ్ నుంచి మాస్టర్ బ్రాంచ్‌లోకి వస్తాయి. ఆ నెలల చివర్లో ఛేంజ్‌లాగ్ చదవకుండా పుల్ చేయకండి.

ప్రాక్టీస్: ఆర్మ్ బోర్డు ఒకటి తీసుకోండి, చేతిలో లేకపోయినా పర్లేదు, ఫ్లాష్ చేసే (బోర్డులోకి ఎక్కించే) పని లేదు. రెండేళ్ళ కిందటి ట్యాగ్‌కి (పేరు పెట్టిన పాత వెర్షన్‌కి) వెళ్ళి, సబ్‌మాడ్యూల్స్ సరిచేసి, డిఫాల్ట్ కీమ్యాప్ కంపైల్ చేయండి. ఇప్పుడు మాస్టర్‌కి రండి, సబ్‌మాడ్యూల్స్ మాత్రం ముట్టుకోకుండా మళ్ళీ కంపైల్ చేసి, వచ్చిన మొదటి ఎర్రర్ లైన్ రాసుకోండి, ఎర్రర్ రాకపోతే ఇంకా పాత ట్యాగ్‌తో మొదలుపెట్టండి. గిట్ డిఫ్‌కి సబ్‌మాడ్యూల్ ఆప్షన్ ఇచ్చి చిబిఓఎస్ ఎంత వెనకబడిందో చూడండి. తర్వాత ఒక పారేసే బ్రాంచ్‌లో, కావాలనే యాడ్ డాట్ కొట్టి కమిట్ చేసి, పైన చెప్పినట్టు బాగుచేయండి. స్టేటస్ ఖాళీగా, కంపైల్ క్లీన్‌గా వచ్చాకే 6వ పాఠానికి రండి.