బిల్లు ఓటుకు రాకముందే: కాలుష్య చట్టాల సవరణల్లో మన మాట ఎక్కించే పద్ధతి

శ్రీకాకుళం కోర్టు దగ్గర నాది టైపింగ్ షాపు. కాలుష్యం మీద నా దగ్గరకు వచ్చే అర్జీలన్నీ ఇంచుమించు ఒకటే తీరు. గెడ్డలో (వాగులో) నీళ్లు రంగు మారాయి, చేపలు చచ్చి తేలాయి, బోరు నీళ్లు వాసనొస్తున్నాయి, ఫలానా కంపెనీ మీద చర్య తీసుకోండి. సోమవారం గ్రీవెన్సుకి అందేలా కొట్టి ఇస్తాను. అర్జీ పెట్టాల్సిందే. కానీ ఆ కంపెనీకి ఎంత శిక్ష పడాలి, ఎవరు వేయాలి అనేది కలెక్టరాఫీసులో తేలదు. అది చట్టసభలో, బిల్లులో ఒక్కో క్లాజు దగ్గర తేలుతుంది. అక్కడికి మన మాట చేర్చడానికి ఒక పద్ధతి ఉంది, దానికో సమయమూ ఉంది.

ముందు ఏ చట్టమో, ఏ సభదో తేల్చుకోండి. విషపు నీళ్లు గెడ్డలోకో నదిలోకో వదిలితే 1974 నాటి నీటి కాలుష్య చట్టం. పొగ, గ్యాసు అయితే 1981 నాటి వాయు చట్టం. ప్రమాదకర రసాయనాలు, వ్యర్థాల నియమాలు ఎక్కువగా భోపాల్ గ్యాసు ప్రమాదం తర్వాత వచ్చిన 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కిందికి వస్తాయి. చివరి రెంటినీ పార్లమెంటు మారిస్తే దేశమంతటా మారిపోతాయి. నీటి చట్టం అలా కాదు. నీరు రాష్ట్రాల అంశం కాబట్టి రాజ్యాంగం 252వ అధికరణ కింద, రాష్ట్రాలు తీర్మానం చేసి అడిగితే పార్లమెంటు చేసిన చట్టం అది. దానికి వచ్చే సవరణ కూడా మనకు వర్తించాలంటే మన శాసనసభ, శాసనమండలి రెండూ తీర్మానం చేయాలి.

నీటి చట్టానికి 2024లో వచ్చిన సవరణ బిల్లునే తీసుకోండి. ఫిబ్రవరి 5న రాజ్యసభలో పెట్టారు, 6న అక్కడ ఆమోదం, 8న లోక్‌సభలో ఆమోదం. బిల్లులు పరిశీలించే ఏ ఎంపీల సంఘానికీ (కమిటీకీ) పంపలేదు. నదిలోకి, బావిలోకి విషపదార్థం వదిలితే అంతకుముందు ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల దాకా జైలు ఉండేది. ఇప్పుడు జైలు తీసేసి 10 వేల రూపాయల నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టారు. ఆ జరిమానా వేసేది కోర్టు కాదు, కేంద్ర ప్రభుత్వ సంయుక్త కార్యదర్శి లేదా రాష్ట్ర ప్రభుత్వ కార్యదర్శి హోదాకు తగ్గని అధికారి. కేసులు కోర్టుల్లో ఏళ్లకేళ్లు నానుతున్నాయి, జరిమానా అయితే వెంటనే పడుతుంది అనే వాదన ఒకటుంది, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ కనిష్ఠం 10 వేలు అంటే పెద్ద ఫ్యాక్టరీకి ఒక పూట డీజిలు ఖర్చు కూడా కాదు. బోరు పాడైన ఊరికి తాగునీటి ట్యాంకరు తోలాలన్నా ఆ డబ్బు ఎన్ని రోజులొస్తుంది?

ఈ లెక్క చెప్పినప్పుడు రణస్థలం వైపు నుంచి వచ్చిన ఓ పెద్దాయన, “బావూ, మూడ్రోజుల్లో అయిపోయినదానికి మనమేటి చేస్తాం?” అన్నాడు. చేయగలిగింది చాలా ఉంది. ఆ సవరణ చట్టం మొదట అమల్లోకి వచ్చింది హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకే. మిగతా ఏ రాష్ట్రానికైనా అది రావలసింది ఆ రాష్ట్ర సభల గుమ్మం నుంచే.

ఇక బిల్లు చదవడం. పార్లమెంటు సైటులో దొరుకుతుంది. దాన్ని చివరి నుంచి చదవమని అందరికీ చెబుతాను. చివర్లో అనుబంధంగా, మార్చబోతున్న పాత సెక్షన్లను యథాతథంగా అచ్చు వేస్తారు. ఆ పేజీలు ప్రింటు తీసి ఎడం పక్కన, కొత్త క్లాజులు కుడి పక్కన పెట్టుకోండి. ఏది పోయింది, ఏది చేరింది పెన్సిలుతో గీయండి. దానికి కాస్త ముందు ‘ఉద్దేశాలు, కారణాల ప్రకటన’ ఉంటుంది. సర్కారు ఎందుకు తెచ్చిందో అందులో తెలుస్తుంది. ఇంకొకటి, చాలామంది తిప్పేసే పేజీ, ప్రభుత్వానికి ఏయే విషయాల్లో నియమాలు చేసుకునే అధికారం ఇస్తున్నారో చెప్పే పత్రం. 2024 బిల్లులో కొన్ని రకాల పరిశ్రమలకు, నీటి చట్టం 25వ సెక్షన్ కింద కాలుష్య నియంత్రణ మండలి నుంచి ముందుగా తీసుకోవలసిన అనుమతి అక్కర్లేదని కేంద్రం మినహాయించవచ్చు అన్నారు. ఏ రకాలో బిల్లులో లేదు. అది తర్వాత నోటిఫికేషన్‌లో వస్తుంది. ఇలాంటివి కనిపిస్తే రెండు గీతలు గీయండి.

మన మాట చేర్చడానికి మొదటి అవకాశం బిల్లు సభకు రాకముందే. ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని 2014లో కేంద్రం విధానం పెట్టుకుంది. అది అన్నిసార్లూ జరగదు గానీ, జరిగినప్పుడు వదులుకోకండి. ముసాయిదా తెలుగులో కావాలని అడగండి. పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా 2020ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నింటిలోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

రెండోది సంఘం దశ. నా దృష్టిలో అన్నింటికంటే పనికొచ్చేది ఇదే. పర్యావరణం చూసే స్థాయీ సంఘంలో (స్టాండింగ్ కమిటీలో) 31 మంది ఎంపీలుంటారు, 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. సభలో టీవీ ముందు పార్టీ మాట తప్పదు. సంఘంలో తలుపులు మూసి కూర్చుంటారు కాబట్టి క్లాజు గురించి నిజంగా మాట్లాడుకుంటారు. బిల్లు వాళ్లకు వెళ్తే పేపర్లో ప్రకటన వేసి అభిప్రాయాలు పంపమంటారు. గడువు తక్కువ, ఇంగ్లీషులోనో హిందీలోనో అడుగుతారు. మీరు తెలుగులో రాయించండి, కింద అనువాదం జత చేయండి. జాతీయ హరిత ట్రిబ్యునల్ బిల్లు 2009లో వచ్చి, స్థాయీ సంఘం చూశాక, 2010లో సవరణలతో ఆమోదం పొందింది. 2023లో ‘జన విశ్వాస్’ చట్టంతో వాయు, పర్యావరణ చట్టాల్లో శిక్షలు మార్చినప్పుడు కూడా ముందు ఉభయసభల ఎంపీలుండే సంయుక్త సంఘానికి పంపారు.

సంఘానికి వెళ్లకపోతే మిగిలేది ఎంపీ. ఇక్కడ మన వాళ్లు దారి తప్పుతున్నారు. రణస్థలం, లావేరు, ఎచ్చెర్ల, జి.సిగడాం మండలాలు శ్రీకాకుళం జిల్లావే అయినా, ఎచ్చెర్ల నియోజకవర్గం విజయనగరం లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. కాగితం వెళ్లాల్సింది విజయనగరం ఎంపీకి. ఇంకో సంగతి, మంత్రిగా ఉన్న ఎంపీ ప్రభుత్వ బిల్లు మీద సొంతంగా సవరణ ఇవ్వరు. అప్పుడు రాజ్యసభ సభ్యుల్ని, పక్క నియోజకవర్గం వాళ్లని కూడా పట్టుకోవాలి.

సభ్యుడు సవరణ నోటీసు సాధారణంగా చర్చకు ఒక రోజు ముందే ఇవ్వాలి. అంటే మీ కాగితం అంతకంటే ముందే ఆయన చేతిలో ఉండాలి. నాలుగు పేజీల గోడు పంపితే పీఏ పక్కన పెడతాడు. ఒక పేజీ చాలు. నేను కొట్టి ఇచ్చే నమూనా ఇది:

“ఫలానా బిల్లు, క్లాజు ఫలానా, పేజీ ఫలానా, వరుస ఫలానా. ‘పది వేల రూపాయలు’ అన్నచోట ‘ఐదు లక్షల రూపాయలు’ అని మార్చాలి. కారణం: మా గెడ్డ కింద ఇన్ని ఎకరాలు తడుస్తున్నాయి, ఇన్ని బోర్లు పాడయ్యాయి, నీటి పరీక్ష రిపోర్టు జత చేశాం.”

తీసేసేది, మార్చేది, చేర్చేది, ఈ మూడు రకాలే సవరణలు. మీ కోరిక ఏ రకమో మొదటి వాక్యంలోనే ఉండాలి. రిపోర్టు లేకపోతే తేదీ కనబడే ఫోటోలు పెట్టండి. ఊహించి అంకెలు రాయకండి. ఒక్క తప్పుడు అంకె దొరికితే కాగితం మొత్తం పోతుంది.

చర్చ రోజు సంసద్ టీవీ పెట్టుకోండి. మొదట బిల్లు మొత్తం మీద మాట్లాడతారు, పార్టీల బలాన్ని బట్టి సమయం. మన ఎంపీ తెలుగులో మాట్లాడవచ్చు, ముందే చెబితే అనువాదం ఉంటుంది. తర్వాత మంత్రి జవాబు. ఆ తర్వాత క్లాజుల వారీగా వేగంగా వెళ్తుంది, అప్పుడు లేచి వెళ్లిపోకండి. సవరణ ఇచ్చిన సభ్యుడు దాన్ని ప్రతిపాదిస్తున్నాడా, వెనక్కి తీసుకున్నాడా రాసుకోండి. చాలా సవరణలు మూజువాణి ఓటులో, అంటే సభ్యులు నోటితో అవును, కాదు అని చెప్పే ఓటులో, వీగిపోతాయి. సభ్యులు పట్టుబడితే డివిజన్ పెట్టి లెక్కిస్తారు, ఎవరు ఎటు వేశారో రికార్డవుతుంది. సవరణ వీగినా మంత్రి జవాబులో ఇచ్చిన హామీ ఉంటే ఆ మాటల్ని ఉన్నదున్నట్టు తేదీతో రాసిపెట్టండి. నియమాలు వచ్చినప్పుడు దాన్నే చూపిస్తాం.

నియమాలు గెజిట్‌లో వస్తాయి. పర్యావరణ చట్టం కింద ముసాయిదా నోటిఫికేషన్‌కు సాధారణంగా 60 రోజులు అభ్యంతరాలు తీసుకుంటారు. ఖరారైన నియమాల్ని ఉభయసభల ముందు 30 రోజులుంచాలి. ఆ లోపల సభ్యులు మార్చమనీ, రద్దు చేయమనీ అడగవచ్చు.

నీటి చట్టానికి వస్తే మన ఎమ్మెల్యేతో పాటు ఎమ్మెల్సీలకు కూడా అదే ఒక పేజీ ఇవ్వండి. ఏ తీర్మానమైనా శాసనమండలిలోనూ నెగ్గాలి, అక్కడికి ఎవరూ వెళ్లరు. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీ వేయించి, అందినట్టు సంతకం పెట్టించుకుని ఫైలులో పెట్టుకోండి.