పాత కారులో మిస్సింగ్ పోవడం లేదా? ముందు ఏ సిలిండరో పట్టుకోండి

కారు మిస్సింగ్ కొట్టగానే, అంటే ఒక సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండక ఇంజన్ వణకగానే, ప్లగ్గులు మార్పిస్తాం. నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలు. తర్వాత కాయిల్, ఆ తర్వాత పెట్రోల్ పంపు. చేతి చమురు వదులుతుంది కానీ మిస్సింగ్ వదలదు. అందుకే సామాను కొనకముందే ఏ సిలిండర్ పనిచేయడం లేదో తేల్చుకోండి. మారుతి 800 లాంటి మూడు సిలిండర్ల పాత కార్బురేటర్ బండిని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను.

1. ఎప్పుడు వస్తోందో చూడండి. స్లోలో వణికి, రేస్ చేస్తే సర్దుకుంటే గాలి లీకు, ట్యాపెట్ల (వాల్వులను తెరిచే భాగాల) మీద అనుమానపడాలి. ఎత్తు ఎక్కేటప్పుడు జర్కులిస్తే స్పార్క్ వైపు చూడాలి.

2. ఇంజన్ ఆపి ఒక ప్లగ్ వైరు తీయండి. దాని కొసకు వేరే ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గును ఇంజన్ ఇనుముకు గట్టిగా ఆనించి పెట్టండి. పెట్రోల్ వాసన వస్తుంటే మాత్రం ఈ పని చేయొద్దు. ఇప్పుడు స్టార్ట్ చేసి కొద్ది సెకన్లు వినండి. వణుకు పెరిగితే ఆ సిలిండర్ బాగానే ఉన్నట్టు. ఏ తేడా లేకపోతే దొంగ అదే. ఇంజన్ నడుస్తుండగా వైర్లు ముట్టుకోకండి, అందులో వేల వోల్టులుంటాయి. ఇంజెక్షన్ బండికైతే స్కానర్ పెట్టించండి: పి0302 కోడ్ వస్తే రెండో సిలిండర్ అని అర్థం.

3. ఆ సిలిండర్ ప్లగ్గు విప్పండి. కొస బిస్కెట్ రంగులో ఉంటే మంచిదే. పెట్రోల్‌తో తడిసి ఉంటే స్పార్క్ రావడం లేదేమో. ఆయిల్ జిడ్డు ఉంటే పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగి ఉండొచ్చు. ఆ ప్లగ్గును పక్క సిలిండర్‌కు మార్చి చూడండి. మిస్సింగ్ కూడా అటు వెళ్తే ప్లగ్గుదే తప్పు.

వెళ్లకపోతే వైర్లు చూడాలి. నా కారు మూడు నెలలు ఇలాగే ఏడిపించింది. ఒక రాత్రి లైట్లన్నీ ఆపి, బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా దూరం నుంచి వైర్ల మీద సన్నగా నీళ్లు స్ప్రే చేశాను. రెండో సిలిండర్ వైరు మీద, క్లిప్పు రాసుకునే చోట, నీలం మెరుపు టిక్ టిక్‌మంటూ ఇనుము మీదికి దూకింది. పొద్దున్నే చూస్తే అక్కడ వెంట్రుకంత పగులు!

4. కార్బురేటర్ మూడు సిలిండర్లకూ కలిపి పెట్రోల్ పంపుతుంది. ఒక్క సిలిండరే చచ్చిందంటే కార్బురేటర్ విప్పే తొందర వద్దు. గాలి లీకు ఉందేమో తేలడానికి ఇంజన్‌కు తగిలించిన సన్న రబ్బరు వాక్యూమ్ పైపులను వేలితో వంచి పగుళ్లు చూడండి.

5. ఇవన్నీ బాగుంటే కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే మీటరు) పెట్టించండి. తక్కువ చూపించిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. గ్యాస్ మీద తిరిగిన బండి అయితే ముందు ట్యాపెట్ గ్యాప్ చూపించండి, వాల్వ్ సీట్లు అరిగి గ్యాప్ బిగిసిపోతుంది. పక్కపక్కనే రెండు సిలిండర్లు తక్కువ చూపిస్తే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయి ఉండొచ్చు. ఇక బండి కదపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలవండి.