జేబులో ఒక చిన్న పుస్తకం

మా పలాస చర్చిలో ఆరాధన అయ్యాక యూత్ పిల్లలకి ఒకటే చెప్తుంటాను: సేవ చేయాలంటే మైకు కోసం చూడకండర్రా, జేబులో చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ఆదివారం ఎవరు రాలేదో రాసుకుని, బుధవారం లోపు వాళ్లింటికి వెళ్లండి. జీడిపిక్కల పనికెళ్లే అక్కలు చీకటి పడ్డాకే దొరుకుతారు. జీడిరసం మరకలున్న ఆ చేతులు కడుక్కుని కూర్చునేదాకా ఆగండి. వెళ్లగానే వాక్యం మొదలెట్టేయకండి, ముందు వినండి. "ప్రార్థన చేస్తానక్కా" అని వచ్చేస్తే సందు దాటేలోపే మర్చిపోతాం (నేను చాలాసార్లు మర్చిపోయాను). అక్కడే రెండు మాటల్లో చేసేయండి.

ఇళ్లు పది దాటితే ఒక్కరే తిరగొద్దు. బైబిల్లో మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెప్తుంటే, మామ యిత్రో చూసి వద్దన్నాడు. పదేసి మందికి కూడా ఒక పెద్దను పెట్టమన్నాడు. నిర్గమకాండం 18లో ఉంది, చదవండి. మీరూ ఇంకొకరికి ఒక పుస్తకం ఇవ్వండి. వాళ్లు మీలా రాయరు, ఒకటి రెండు పేర్లు వదిలేస్తారు కూడా. అయినా లాక్కోకండి.

ఆరాధన అయ్యాక చాపలు దులిపి మడతపెట్టే పని మాత్రం ఎవరికీ ఇవ్వకండి, అది మీదే.